గిటార్ అటకెక్కకుండా ఉండాలంటే

వేసవి సెలవులు అయిపోయాక జరిగే పేరెంట్-టీచర్ మీటింగుల్లో ఒక మాట దాదాపు ప్రతి ఏడాదీ వినిపిస్తుంది. "మేడమ్, బాబు అడిగాడని గిటార్ కొన్నాం. రెండు నెలలు క్లాసుకి వెళ్లాడు. ఇప్పుడు దాని బ్యాగు జిప్పు కూడా తీయట్లేదు. ఇంట్రెస్ట్ పోయినట్టుంది." దసరాకి ఆ గిటార్ మంచం పక్క నుంచి బీరువా మీదికి వెళ్తుంది. సంక్రాంతికి అటక మీదికి.

కొంతమంది పిల్లలకు నిజంగానే ఇష్టం పోతుంది, కాదనను. కానీ చాలామంది విషయంలో ఇష్టం అలాగే ఉంటుంది, సాధన చేసే తీరే వాళ్లను ఓడిస్తుంది. శనివారమో ఆదివారమో ఒక క్లాసు. మిగతా ఆరు రోజులు బ్యాగు మూసే ఉంటుంది. మళ్లీ క్లాసుకి వెళ్తే వేళ్లకు ఏదీ గుర్తుండదు, మాస్టారు పోయిన వారం చెప్పినదే మళ్లీ చెబుతారు. ఇలా రెండు నెలలు గడిస్తే ఏ పిల్లకైనా, పిల్లవాడికైనా "నాకు రాదు" అనే అనిపిస్తుంది.

నేను మ్యూజిక్ టీచర్ని కాదు, ఇంగ్లీష్ చెబుతాను. గిటార్ హాబీగా నేర్చుకున్నాను. అందుకే ఇది పిల్లల్ని స్టేజీ ఆర్టిస్టుల్ని చేయాలనుకునే తల్లిదండ్రుల కోసం రాసింది కాదు. నేర్చుకోవడం మొదలుపెట్టిన పిల్లలు మధ్యలో వదిలేయకుండా, తమకు నచ్చిన నాలుగు పాటలు వాయించుకునే స్థాయికి చేరాలంటే ఇంట్లో ఏం ఏర్పాటు ఉండాలో చెప్పడమే ఉద్దేశం. ఆ ఏర్పాటు చిన్నదే: రోజుకు పదిహేను నుంచి ఇరవై నిమిషాలు, వారానికి ఐదారు రోజులు. పదేళ్ల పిల్లలు దీన్ని తమంతట తాము నిలబెట్టుకోలేరు. పెద్దవాళ్లు పూనుకోవాలి.

మొదటి నెల వేళ్ల సంగతి

మామూలుగా షాపుల్లో దొరికే అకౌస్టిక్ గిటార్‌కి స్టీలు తీగలు ఉంటాయి. ఎడమ చేతి వేలికొసలతో వాటిని చెక్కకేసి నొక్కాలి. మెత్తటి చర్మం మీద సన్నటి తీగ గట్టిగా తగిలితే నొప్పి పుడుతుంది, ఎర్రటి గీతలు పడతాయి. ఇది అందరికీ జరిగేదే. రోజూ కొంచెం కొంచెం నొక్కుతూ ఉంటే మూడు నాలుగు వారాల్లో వేలికొసల చర్మం గట్టిపడుతుంది, ఆ తర్వాత నొప్పి పెద్దగా తెలియదు. కొన్నాళ్లు మానేస్తే ఆ చర్మం మళ్లీ మెత్తబడుతుంది.

వారానికి ఒకసారి రెండు గంటలు కూర్చునే పిల్లల ఇబ్బంది ఇక్కడే. మొదటి ఇరవై నిమిషాలకే వేళ్లు మండుతాయి. మిగతా గంటా నలభై నిమిషాలు నొప్పితో పోరాటమే తప్ప నేర్చుకోవడం ఉండదు. వారం తర్వాత మళ్లీ మొదటి రోజు నొప్పే. అంటే ఆ పిల్లలకు మొదటి నెల ఎప్పటికీ పూర్తవదు! రోజూ పావుగంట వాయించినవాళ్లు మాత్రం నెల తిరిగేసరికి దాన్ని దాటేసి ఉంటారు.

నొప్పి కొంత తగ్గించే మార్గాలూ ఉన్నాయి. గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలను ఫ్రెట్లు అంటారు, వీణకు మెట్లు ఉన్నట్టే. తీగను రెండు ఫ్రెట్ల నడుమ ఎక్కడ పడితే అక్కడ నొక్కకూడదు. శరీరం వైపు ఉన్న ఫ్రెట్‌కి ఆనుకుని, దాని వెనకే నొక్కాలి. అప్పుడు సగం బలంతోనే స్వరం స్పష్టంగా పలుకుతుంది. ఎడమ చేతి గోళ్లు పూర్తిగా కత్తిరించి ఉండాలి. గోళ్లు పెరిగిన చేత్తో తీగను నిటారుగా నొక్కడం సాధ్యం కాదు. మీ అమ్మాయి గోళ్లు పెంచుకుంటుంటే ఈ విషయంలో ముందే ఒక ఒప్పందానికి రండి.

అసలు గిటారే పిల్లలకు సరిపోనిది అయితే ఎంత సాధన చేసినా కష్టమే. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు పూర్తి సైజు గిటార్ ఇస్తే చెయ్యి మొదటి ఫ్రెట్ దాకా అందదు, భుజం పైకి లేస్తుంది. వాళ్లకు ముప్పావు సైజు మేలు. చిన్న పిల్లలకు నైలాన్ తీగల గిటార్ ఇంకా సుఖం, వేళ్లకు మెత్తగా ఉంటుంది. కొనేటప్పుడు రంగు కన్నా తీగల ఎత్తు చూడండి. మెడ మధ్యలో, పన్నెండో ఫ్రెట్ దగ్గర, తీగకీ ఫ్రెట్‌కీ మధ్య మూడు మిల్లీమీటర్ల కన్నా బాగా ఎక్కువ సందు ఉంటే పెద్దవాళ్లకు కూడా నొక్కడం కష్టం. మంచి షాపువాళ్లు దాన్ని సరిచేసి ఇస్తారు, దీన్ని సెటప్ అంటారు. "మావాడి వేళ్లలో బలం లేదు" అని అనుకునే ముందు ఒకసారి మీరే ఆ తీగ నొక్కి చూడండి.

38 సార్లు, 68 సార్లు

బీఈడీ చదివినవాళ్లెవరికైనా ఎబ్బింగ్‌హాస్ పేరు తెలుసు. జర్మనీకి చెందిన ఈ సైకాలజిస్టు అర్థం లేని అక్షరాల వరసలను తనే బట్టీపట్టి, ఎంతకాలం గుర్తుంటాయో తనమీద తనే పరీక్షించుకున్నాడు. 1885లో ఆ ఫలితాలను పుస్తకంగా వేశాడు. అందులో ఒక లెక్క ఉంది. పన్నెండు అక్షరాల వరసను ఒకే రోజు 68 సార్లు వల్లెవేస్తే ఎంత ఫలితం వచ్చిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు వల్లెవేసినా దాదాపు అంతే ఫలితం వచ్చింది. శ్రమ దాదాపు సగం తగ్గింది.

అది అక్షరాల బట్టీ, గిటార్ వేళ్ల పని. రెండూ ఒకటేనని నేను అనను. కానీ విరామం ఇచ్చి మళ్లీ మొదలుపెట్టినప్పుడు మెదడు పాతదాన్ని వెతికి తెచ్చుకోవలసి వస్తుంది, ఆ వెతుకులాటలోనే విషయం గట్టిపడుతుంది. మన డిక్టేషన్ పదాలకూ, ఎక్కాలకూ ఇదే వర్తిస్తుందని టీచర్లందరికీ అనుభవమే. గిటార్‌కి మాత్రం ఎందుకు వర్తించదు?

మన సంగీత సంప్రదాయం ఈ పని ఎప్పటినుంచో చేస్తోంది. కర్ణాటక సంగీతం నేర్చుకునే ఇళ్లలో పొద్దున్నే సరళీ వరసలు వినపడతాయి. అవే స్వరాలు మొదటి కాలంలో నెమ్మదిగా, రెండో కాలంలో రెట్టింపు వేగంతో, మూడో కాలంలో దానికి రెట్టింపు. గురువు వేగాన్ని ముందుగా అడగరు. మొదటి కాలం శుద్ధంగా వస్తేనే రెండోది. గిటార్ నేర్చుకునే పిల్లలు ఎక్కువగా యూట్యూబ్ చూసి నేరుగా మూడో కాలంలోకి దూకాలని చూస్తారు.

ఆ ఇరవై నిమిషాల్లో ఏం చేయాలి

మొదటి రెండు నిమిషాలు శ్రుతి. గిటార్‌కి ఆరు తీగలు, లావు తీగ నుంచి సన్నదాని దాకా వాటి స్వరాలు ఈ, ఏ, డి, జి, బి, ఈ. ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్‌తో సరిచూసుకోవచ్చు. శ్రుతి తప్పిన గిటార్ మీద ఎంత సరిగ్గా వాయించినా చెవికి తప్పుగానే వినిపిస్తుంది, పిల్లలు ఆ తప్పు తమదే అనుకుంటారు. ఈ రెండు నిమిషాలను ఎప్పుడూ వదలనివ్వకండి.

తర్వాత ఎనిమిది, పది నిమిషాలు కార్డ్స్ మార్చడం. మూడు నాలుగు స్వరాలను కలిపి ఒకేసారి మోగించడాన్ని కార్డ్ అంటారు. అందరికన్నా సులువైనది ఈ మైనర్: పైనుంచి రెండో, మూడో తీగలను రెండో ఫ్రెట్ దగ్గర రెండు వేళ్లతో నొక్కితే చాలు. ఒక కార్డ్ పట్టుకోవడం ఎవరికైనా రెండు రోజుల్లో వస్తుంది. దాని నుంచి ఇంకో కార్డ్‌కి తాళం తప్పకుండా మారడమే అసలు పని, మొదటి ఆరు నెలల కష్టమంతా అక్కడే. దీనికి ఒక చిన్న ఆట బాగా పనిచేస్తుంది. ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టి, ఈ మైనర్ నుంచి జికి, జి నుంచి మళ్లీ ఈ మైనర్‌కి ఎన్నిసార్లు మారగలిగారో లెక్కపెట్టి, తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మొదటి రోజు ఎనిమిదో పదో వస్తాయి. ముప్ఫై దాటితే ఆ రెండు కార్డ్స్ పాటలో వాడుకోవచ్చు.

ఈ నోట్‌బుక్ విషయం కాస్త గట్టిగా చెబుతాను. గిటార్‌లో పురోగతి చాలా నెమ్మది, రోజు రోజుకీ తేడా చెవికి తెలియదు. నోట్‌బుక్‌లో మాత్రం తొమ్మిది పదకొండు అవుతుంది, పదకొండు పద్నాలుగు అవుతుంది. మార్కుల కోసం కాకుండా, తన లెక్క తనే వేసుకుని, తన నిన్నటితో తనే పోటీపడటం మన పిల్లలకు స్కూల్లో అంతగా దొరకని అవకాశం. (దయచేసి పక్కింటి పిల్లల నోట్‌బుక్‌తో పోల్చకండి!)

మిగిలిన సమయం పాటకి. మెట్రోనోమ్ యాప్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టుకుంటే సెకనుకు ఒక దెబ్బ పడుతుంది, ఆ వేగంతో మొదలుపెట్టాలి. ఒకచోట తప్పు వస్తుంటే పాట మొత్తం మళ్లీ మొదటినుంచి వాయించడం పిల్లల అలవాటు. అలా చేస్తే వచ్చిన భాగమే పదిసార్లు వస్తుంది, రానిది ఒక్కసారే. తప్పు వచ్చే ఆ రెండు సెకన్ల ముక్కను విడదీసి దాన్నే పదిసార్లు వాయించమనండి. జి, సి, డి, ఈ మైనర్, ఏ మైనర్ అనే ఐదు కార్డ్స్ వస్తే చాలా సినిమా పాటలకు సరిపోతాయి. పాట శ్రుతి పిల్లల గొంతుకు అందకపోతే మెడకు బిగించే క్యాపో అనే చిన్న క్లిప్పుతో శ్రుతి పెంచుకోవచ్చు, కొత్త కార్డ్స్ నేర్చుకోనక్కర్లేదు.

ఎఫ్ దగ్గర ఆగిపోయినవాళ్లు

మూడు, నాలుగు నెలలు బాగా సాగాక ఎఫ్ కార్డ్ వస్తుంది. చూపుడు వేలిని మొదటి ఫ్రెట్ మీద అడ్డంగా పరిచి ఆరు తీగలనూ ఒకేసారి నొక్కి పట్టాలి, మిగతా మూడు వేళ్లు వేరే చోట్ల ఉండాలి. మొదట్లో సగం తీగలు మోగవు, టక్ టక్‌మని చప్పుడు చేస్తాయి. వారాల తరబడి మార్పు కనిపించదు. నాకు తెలిసినంతలో గిటార్ వదిలేసేవాళ్లలో చాలామంది ఒకటో నెలలో, లేదంటే ఇదిగో ఇక్కడ వదిలేస్తారు.

దీన్ని అర్థం చేసుకోవడానికి బీఈడీ పాఠమే ఇంకొకటి ఉపయోగపడుతుంది. 1897లో అమెరికాలో బ్రయాన్, హార్టర్ అనే ఇద్దరు టెలిగ్రాఫ్ నేర్చుకునేవాళ్ల వేగాన్ని వారం వారం కొలిచి గ్రాఫ్ గీశారు. సందేశాలు అందుకోవడంలో వాళ్ల గ్రాఫ్ కొంతకాలం పైకి వెళ్లి, తర్వాత వారాల పాటు బల్లపరుపుగా నిలిచిపోయి, ఆ తర్వాత మళ్లీ పైకి లేచింది. ఆ బల్లపరుపు భాగానికే పీఠభూమి, ఇంగ్లీషులో ప్లాటో అని పేరు. విడివిడి అక్షరాలుగా విన్నది పదాలుగా, పదాల గుంపులుగా వినిపించడం మొదలైతేనే ఆ మెట్టు దాటుతారని వాళ్లు వివరించారు. ఒకటో తరగతి పిల్లలు సి-ఏ-టి అని కూడబలుక్కుంటూ, ఒకరోజు 'క్యాట్' అని ఒక్కసారిగా చదివేస్తారు చూడండి, అలాగన్నమాట. గిటార్ మీద నాలుగు వేళ్లూ నాలుగు పనులుగా ఉన్నంతకాలం ఎఫ్ రాదు. అవన్నీ కలిసి ఒకే ఆకారంగా చేతికి పట్టుబడాలి.

కాబట్టి "రెండు నెలలుగా అదే పాట, ఫీజు దండగ" అని అనే ముందు, లేదా మాస్టారిని మార్చే ముందు, ఇది ఆ దశేమో చూడండి. కొన్ని దగ్గరదారులు కూడా ఉన్నాయి. ముందుగా కింది నాలుగు తీగలతోనే చిన్న ఎఫ్ పట్టుకోవచ్చు. ఆరు తీగలనూ నొక్కే సాధనను మొదటి ఫ్రెట్ దగ్గర కాకుండా ఐదో ఫ్రెట్ దగ్గర మొదలుపెడితే తక్కువ బలం సరిపోతుంది. అక్కడ పట్టు చిక్కాక ఒక్కో ఫ్రెట్ వెనక్కి రావాలి. ఈలోగా ఎఫ్ లేని పాటలు వాయించుకుంటూ ఉంటే ఉత్సాహం తగ్గదు.

సంగీతం రాని ఇంట్లో

"మా ఇంట్లో ఎవరికీ సంగీతం రాదు, మేమేం చెప్పగలం?" అని కొందరు అడుగుతారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ సంగతి గుర్తుచేస్తాను. ఇంట్లో ఉన్న తండ్రిగారి మాండొలిన్‌ను ఆరేళ్ల వయసులో చేతిలోకి తీసుకున్నారు. ఆయనకు పాఠం చెప్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. గురువు పాడేవారు, శిష్యుడు విన్నదాన్ని తీగల మీద పలికించేవాడు. శ్రీనివాస్ ప్రతిభ అందరికీ ఉండదు, నిజమే. కానీ ఆ కథలో మనకు పనికొచ్చే చిన్న విషయాలు రెండున్నాయి. వాయిద్యం పిల్లవాడి చేతికి అందే చోట ఉంది. పక్కన పాడేవాళ్లు ఉన్నారు.

గిటార్‌ను బ్యాగులోంచి తీసి, హాల్లో ఒక స్టాండు మీద ఉంచండి. జిప్పు తీయాలి, బయటికి తీయాలి, శ్రుతి చేయాలి అనే చిన్న బద్ధకాలే రోజులు మింగేస్తాయి. కళ్లెదురుగా ఉంటే టిఫిన్‌కి ముందో, స్కూల్ బస్సు దిగాకో ఒకసారి చేతిలోకి వస్తుంది. సమయం కూడా ఇంకో పనికి ముడిపెడితే మంచిది. సాయంత్రం పాలు తాగాక, హోమ్‌వర్క్‌కి ముందు, అలా. ఎండ పడే కిటికీ దగ్గర మాత్రం పెట్టొద్దు. మన ఎండాకాలంలో పార్క్ చేసిన కారులో అస్సలు వదలొద్దు, ఆ వేడికి జిగురు మెత్తబడి తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి లేచిపోవచ్చు. విశాఖ, కాకినాడ వైపు తేమ గాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక పొడి గుడ్డతో తుడిస్తే ఎక్కువ కాలం వస్తాయి.

ఇక బంధువులు వచ్చినప్పుడు. "మా అమ్మాయి గిటార్ నేర్చుకుంటోంది, ఏదీ, ఒక పాట వాయించమ్మా" అనడం మనందరికీ సరదా. నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు నెలలైన పిల్లకి అది నోటీసు లేని పరీక్ష. తను అడిగితే వాయించనివ్వండి, మీరు అడగొద్దు. "ఎన్ని పాటలు వచ్చాయి?" అని లెక్క అడిగే బదులు "ఇవాళ ఏది కష్టంగా ఉంది?" అని అడిగి చూడండి, పిల్లలు చాలా చెబుతారు. మీకు ఆ పాట తెలిస్తే పక్కన కూర్చుని పాడండి, గొంతు ఎలా ఉన్నా ఫర్వాలేదు.

గ్రేడ్ పరీక్షల గురించి కూడా అడుగుతుంటారు. ట్రినిటీ కాలేజ్ లండన్ పరీక్షలు మన దేశంలో కూడా జరుగుతాయి, ఇనీషియల్‌తో మొదలై గ్రేడ్ 1 నుంచి 8 వరకు ఉంటాయి. క్రమపద్ధతి కోరుకునే పిల్లలకు మంచివే. అయితే మొదటి ఏడాదిలోనే సర్టిఫికెట్ కోసం తొందరపెడితే మూడే మూడు పాటలను ఏడాదంతా అరగదీసి, పరీక్ష అవగానే గిటార్ పక్కన పడేస్తారు. పిల్లలు అడిగినప్పుడు చూద్దాం.

మార్కుల మాట

గిటార్ నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని కొన్ని ప్రకటనల్లో చూస్తుంటాం. ఆ హామీ నేను ఇవ్వను. గిటార్ గిటార్ కోసమే నేర్చుకోవచ్చు. లెక్కలు మాత్రం అందులో నిజంగానే ఉన్నాయి. ఇంట్లో టేపు తీసుకుని కొలవమనండి: పన్నెండో ఫ్రెట్ సరిగ్గా తీగ పొడవులో సగం దగ్గర ఉంటుంది, అక్కడ నొక్కితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. 650 మిల్లీమీటర్ల తీగ అయితే 325 దగ్గరన్నమాట. తీగ సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుందని తొమ్మిదో తరగతి పిల్లలు చెవితో వినొచ్చు.

యూనిట్ టెస్టులో మార్కులు తగ్గగానే చాలా ఇళ్లలో మొదట మూలకి వెళ్లేది గిటారే. ఫోన్ ఆ తర్వాత, అదీ వెళ్తే. రోజుకు ఇరవై నిమిషాలు తీసేసినంత మాత్రాన ఆ ఇరవై నిమిషాలూ చదువుకే వెళ్తాయన్న నమ్మకం లేదు. పైగా గిటార్‌ను శిక్షగా లాక్కుంటే, మళ్లీ ఇచ్చినప్పుడు వేళ్లు మెత్తబడి, నోట్‌బుక్‌లో లెక్క పడిపోయి ఉంటుంది. మళ్లీ మొదటి నెల నొప్పి. ఈసారి ఆ నొప్పి భరించేంత ఓపిక పిల్లలకు ఉండదు.

తొమ్మిది, పది తరగతుల్లో స్టడీ అవర్లు, ఫౌండేషన్ క్లాసులు అయ్యేసరికి రాత్రి అవుతుంది, ఆ ఇబ్బంది మాకూ తెలుసు. అప్పుడు క్లాసు మాన్పించినా ఫర్వాలేదు, కొత్త పాటలు వద్దు. వచ్చిన పాటలే పది నిమిషాలు, భోజనానికి ముందు, పుస్తకం మూసిన తర్వాత. పబ్లిక్ పరీక్షల నెలలో రోజు విడిచి రోజు ఐదు నిమిషాలైనా చాలు, వేలికొసలు గట్టిగానే ఉంటాయి. వేసవిలో మళ్లీ మాస్టారి దగ్గరికి వెళ్లినప్పుడు ఆగిన చోటి నుంచే మొదలుపెట్టొచ్చు.